హిగో కొట్టని డోలు

ఒసాకో మాస్టారు "యమే" అన్నారు. డోలు దగ్గర కూర్చున్న హిగో తాతకు అది "మెన్" అని వినిపించింది. మెన్ అంటే తల. తల మీద కొట్టేటప్పుడు వేసే కేక. యమే అంటే ఆగు. మన చెవికి అందులో యముడు పలుకుతాడు గాని, వెదురు కత్తుల సాము, కెండో, నేర్పే ఆ శాలలో ప్రాణాలు నిలబెట్టే మాట అదొక్కటే. ఆ మాట వినగానే డోలు మీద ఒక దెబ్బ పడాలి. పడలేదు. శిష్యురాలు నోబుయే చేతిలోని వెదురు కత్తి మాత్రం మాస్టారి తల మీద మరో మూడుసార్లు పడింది. నాలుగోసారికి అక్కడ తల లేదు. మాస్టారు నేల మీద ఉన్నారు. మూడో రోజున ఆస్పత్రిలో పోయారు.

గుండె ఏనాడో పాడైపోయిందన్నాడు డాక్టరు. ఊరికి గుండె పట్టలేదు, హిగో చెవులే పట్టాయి. చెవిటివాడి ముందు శంఖం ఊదడం విన్నాం గాని, చెవిటివాడి చేతికే డోలు ఇచ్చిన ఘనత మనదేనని చేపల రేవులో జోకులు వేసుకున్నారు. ముప్పై ఏళ్ళు డోలు వాయించిన హిగో అన్నం ముట్టడం మానేశాడు.

నోబుయేని ఎవరూ ఒక్క మాట అనలేదు. సాములో తలకు తొడిగే ముసుగు బిగిస్తే చెవులు మూసుకుపోతాయి, డోలు మోగితే ఆగేదేగా పాపం అన్నారు. ఎండుచేపల షెడ్డులో తోటి ఆడవాళ్ళు ఆమె వంతు బుట్టలు కూడా మోశారు. ఆ జాలి ఆమెకు చేపముల్లై గుచ్చుకుంది.

ఆ శాలలో ఒక పద్ధతి ఉంది. చిన్నవాళ్ళు ఊపిరాడకుండా కొడుతూ పోవాలి. పెద్దవాళ్ళు నిలబడి కాచుకోవాలి. ఆగమనే హక్కు కాచుకునేవారిదే. కొట్టేవాళ్ళు కాళ్ళు తేలేసినా, కక్కుకున్నా, తమంతట తాము ఆగకూడదు. వెదురుకు ఎదురుంటుందేమో గాని మాస్టారికి ఎదురు లేదు. తక్కినవాళ్ళకు ఆయన నిమిషంలో యమే అనేసేవారు. నోబుయేకి మాత్రం ఆమె కూలబడేదాకా అనేవారు కాదు. ఇలా పదకొండేళ్ళు. ఐదో మెట్టు పరీక్షకు సంతకం పెట్టమని నాలుగుసార్లు అడిగితే, నాలుగుసార్లూ నీకింకా పదును రాలేదన్నారు. అరగదీయడం మాత్రం ఆపలేదు.

ఏడో రోజు కర్మ అయ్యాక అందరూ శాలలో చెక్కనేల మీద మోకాళ్ళు మడిచి కూర్చున్నారు. ఇకపై పిల్లలకు నోబుయే నేర్పాలని తీర్మానించారు. అప్పుడు హిగో ముందుకు జరిగి, డోలు కర్రలు రెండూ మాస్టారి భార్య త్సురుయో ముందు పెట్టి, నుదురు నేలకు ఆనించాడు. తన చెవులే మాస్టారిని చంపాయనీ, ఊరు విడిచి చెల్లెలి దగ్గరికి పోతాననీ అన్నాడు. ఉండమంటుందేమోనని అందరూ ఆమె వైపు చూశారు. త్సురుయో కర్రలు తీసి ఒళ్ళో పెట్టుకుంది.

నోరు మూసుకుంటే శాల దక్కుతుంది. నోబుయే ఆ కర్రలకేసి చూసింది.

"హిగో తాత తప్పు విన్నాడు," అంది. "నేను సరిగ్గానే విన్నాను."

ముసుగులో ఏం వినబడుతుందమ్మా, ఊరుకో అని ఎవరో సర్దబోయారు.

"వినబడింది. రెండుసార్లు అన్నారు."

త్సురుయో తలెత్తింది. "మరి ఎందుకు ఆగలేదు?"

"పదకొండేళ్ళు ఆ మాట కోసం నేలకరిచేదాకా కాచుకున్నానమ్మా. ఆ రోజు నేనింకా నిలబడే ఉన్నాను. ఆ మాట ఆయనకే ముందు కావలసొచ్చింది. కాసేపు ఆయన్నీ కాచుకోనిద్దామనుకున్నాను."

"ఎంతసేపు?"

"మూడు దెబ్బలు."

హిగో నుదురెత్తి, ఏమంటోంది, ఏమంటోంది అని పక్కవాడిని అడిగాడు. పక్కవాడు మెల్లగా చెప్పాడు. వినబడలేదు. చివరికి ఆయన చెవిలో నోరు పెట్టి, ఆమె ఆ మాట విన్నదనీ, విని కూడా కొట్టిందనీ, నీ డోలు మోగినా ఆగేది కాదనీ గట్టిగా చెప్పాడు. శాలంతా రెండోసారి విన్నది. గుమ్మం బయట చెప్పులు సర్దుతున్న ఆడవాళ్ళు కూడా విన్నారు.