లేని గొళ్ళేనికి పొగడ్త

సాతంరాయిలో ఒక ప్రైవేటు స్కూల్లో తెలుగు చెప్పే మసర్రత్‌కు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఉండదా మరి? ఆడపిల్లల బాత్రూం తలుపుకు గొళ్ళెం ఊడి ఏడాదైంది. మూడుసార్లు కాగితం రాసిచ్చినా ప్రిన్సిపాల్ రాజారావు "చూద్దామమ్మా" అన్నాడే తప్ప చూసింది లేదు.

తొమ్మిదో తరగతికి వస్తువుల మీద పొగడ్త కవితలు చెప్పేటప్పుడు ఆమె ఆ సంగతి తలచుకోనేలేదు. తాను గరిటె మీద రాసుకున్న కవిత పిల్లలతో చదివించి, "మీరు గూడ రోజూ పనికొచ్చే వస్తువునొకటి పట్టుకోండ్రి. దానితోనే మాట్లాడుకుంట మనసారా పొగడుండ్రి" అంది. చెప్పుల మీద, టిఫిన్ డబ్బా మీద, కుక్కర్ మీద కవితలొచ్చాయి. తహ్రీమ్ మాత్రం గొళ్ళెం మీద రాసింది. బడిలో నాలుగింటి దాకా నీళ్ళు ముట్టక, మూత్రంలో మంటతో వారం రోజులు దవాఖాన చుట్టూ తిరిగొచ్చిన పిల్ల. చదివిన మసర్రత్‌కు సిగ్గేసింది. వార్షికోత్సవంలో చదివించే కవితల్లో దాన్నే ముందు పెట్టింది.

"పెద్దలొచ్చే రోజున బాత్రూం కవిత ఏమిటమ్మా?" అన్నాడు రాజారావు. "ఎయిర్‌పోర్టు పక్కనే ఉన్నాం కదా, హాయిగా విమానం మీద రాయించండి."

"రోజూ చేతికి తగిలేదాని మీద రాయమన్న సార్. విమానం ఎవరి చేతికి తగిలింది?"

"గొళ్ళెం తగులుతోందా మరి?"

"తగలక ఏడాదాయె. అందుకే గంత ప్రేమ."

ఆయన జాబితాలో తహ్రీమ్ పేరు కొట్టేశాడు. ఆ అమ్మాయిని వేదిక మీదికి పిలిస్తే మర్నాటి నుంచి రానక్కర్లేదని మసర్రత్‌కు నెమ్మదిగానే చెప్పాడు.

వార్షికోత్సవం నాడు మైకు మసర్రత్ చేతిలోనే ఉంది. ఉద్యోగం పోతే పోనీ, ఆ పిల్ల మొహం రేపు ఎలా చూడను అనుకుంది. తహ్రీమ్‌ను పిలిచేసింది.

"ఓ గొళ్ళెమా, వేలెడంత లేవు నువ్వు.
నువ్వుంటే నేను బాటిల్ నిండా నీళ్ళు తాగుత..."

అంతలో నెత్తి మీదుగా విమానం దిగసాగింది. అది పోయేదాకా మాట ఆపడం అక్కడ అందరికీ అలవాటే. అదే అదనుగా రాజారావు వేదికెక్కి తహ్రీమ్ చేతిలోని మైకు లాగేసుకున్నాడు. ఆ పిల్ల కదల్లేదు. చప్పుడు తగ్గాక, ఆపిన చోటి నుంచే గొంతెత్తి అందుకుంది.

"నువ్వుంటే నా దోస్తు ఆఫియా
తలుపు పట్టుకొని బయట నిలబడదు.
నీ గొప్ప మాకు తెలిసినట్టు
కోటలున్నోళ్ళకు గూడ తెల్వదు."

ముఖ్య అతిథి డాక్టర్ మాధవీలత చప్పట్లు కొట్టలేదు. "ఇది నిజమేనా?" అని రాజారావును అడిగింది.

"కవిత కదండీ, కొంత కల్పన ఉంటుంది" అని ఆయన నవ్వాడు.

మసర్రత్‌కు ఒళ్ళు మండిపోయింది. ఆమె నోరు తెరిచేలోపే తహ్రీమ్ డాక్టరమ్మ ముందుకు వచ్చి నిలబడింది.

"రాండి మేడం, చూపిస్త" అంది. "మీరు లోపలికి పోండి. తలుపు నేను పట్టుకుంట."