నాలుగున్నర శృతి

మా చర్చిలో హార్మోనియం పెట్టె నేను వాయిస్తాను, నా భార్య సువార్తమ్మ పాడుతుంది. పాడేది అనాలి కాబోలు. థైరాయిడ్ ఆపరేషన్ అయ్యాక ఆదివారాలు వెనక వరసలో నోరు మెదపకుండా కూర్చుంటోంది.

"నా గొంతు పోనాదయ్యా. పెట్టెతో కలవట్నేదు. నలుగురి ముందూ నన్ను పాడమనకు" అంటుంది.

కలవని మాట నిజమే. ఆమె గొంతు ఐదు శృతి నుంచి నాలుగున్నరకి దిగింది. ఐదైతే పై స్వరాలు అందవు, నాలుగైతే కిందవి అందవు. నాలుగున్నరలో నేను పెట్టె పట్టుకుంటే ఒకటే గరగర. పాపం, అక్కడికక్కడే ఆగిపోయేది. పెళ్లయిన దగ్గర్నుంచీ ఆ గొంతు పక్కనే కూర్చున్నవాణ్ణి, ఆ మౌనం భరించడం నావల్ల కాలేదు. ఆ కోపం ఇంట్లో అందరిమీదా చూపించేవాణ్ణి.

మా కోడలు మెర్సీ ఎచ్చెర్లలో లెక్కల లెక్చరరు. ఆపరేషన్‌కి ముందు మా పెట్టెకి శృతులు సరిచేయించింది ఆమె కట్టిన లెక్కతోనే. ఒకరోజు సువార్తమ్మ చేపలు కోస్తూ తనలో తాను పాడుకుంటుంటే, మెర్సీ ఫోన్లో రికార్డు చేసి కంప్యూటరులో గీతలు చూసింది.

"మావయ్యా, అత్తమ్మ గొంతు ఎక్కడా తప్పట్నేదు. పెట్టే తప్పుతోంది."

నాకు మండింది. "అది నువ్వు లెక్కకట్టిన పెట్టే కదేటి?"

"అవును మావయ్యా. పన్నెండు మెట్లూ అన్ని శృతుల్లోనూ తియ్యగా పలకడం ఏ లెక్కకీ కుదరదు. ఎంతో కొంత తప్పు మిగిలిపోతాది. పొట్టి దుప్పటి లాగ, తల కప్పితే కాళ్లు బయటికొస్తాయి. అందుకే ఎక్కువ పాడే శృతులకి ఎక్కువ విలువ కట్టి, మిగిలిన తప్పుని ఎవరూ పాడని నాలుగున్నరలోకి తోసేశాను."

అప్పటికి ఎవరూ పాడేవారు కాదు మరి.

"అయితే అక్కణ్ణుంచి తీసెయ్యమ్మా."

"తీస్తే ఒకటి శృతిలో పడతాది. అందులో పాడేవాళ్ల పాటలు వేరే శృతికి మార్చుకోవచ్చు. కానీ మీ చెయ్యి..." అని ఆగిపోయింది.

నా చేతికి బాగా వచ్చింది ఒకటి శృతే. ప్రార్థనకి ముందు నేనొక్కణ్ణే వాయించే రాగాలు, మా నాన్న వేళ్లు పట్టి నేర్పినవి, అన్నీ తెల్ల మెట్ల మీదే. నాలుగున్నరలో ఎక్కువగా నల్ల మెట్లే; అవంటే ఇప్పటికీ తడుముకుంటాను.

"ఆ తప్పు నా మీద పడెయ్" అన్నాను.

మెర్సీ కొత్త లెక్క కట్టింది. విజయనగరం నుంచి మేస్త్రి వచ్చి, దాని ప్రకారం పెట్టెలో స్వరాలు పలికే రేకులు అరగదీసి వెళ్లాడు. శనివారం మధ్యాహ్నం చర్చి ఖాళీగా ఉన్నప్పుడు సువార్తమ్మని తీసుకెళ్లాను. సణుక్కుంటూనే వచ్చింది. నాలుగున్నర పట్టుకున్నాను. గరగర ఎప్పుడు మొదలవుతుందా అని భయపడుతూ సన్నగా ఎత్తుకుంది. ఆ గరగర రాలేదు. సగంలో ఆపేసింది.

"నా గొంతు బాగయిందేటి?"

"నీ గొంతుకేటీ అవ్వనేదు. తప్పు పెట్టెది. మెర్సీ సరిసేయించింది."

"ఇన్నాళ్లూ నా గొంతే అనుకుని ఏడ్సేను కదయ్యా!" అంటూ పొందూరు చీర కొంగుతో కళ్లొత్తుకుంది. నాకూ ఏడుపాగలేదు.

మళ్లీ ఎత్తుకుంది, ఈసారి గొంతు విప్పి. నల్ల మెట్ల మీద నా వేళ్లు జారిపోయాయి.

"ఏటయ్యా, నువ్వు తప్పుతన్నావు!"

"తప్పనీ. నువ్వు పాడు."