మిగిలిన ముప్పై అయిదు నిమిషాలు

1998 వానాకాలంలో మా నాన్న ప్రేమరాజు గారిని ఆఫీసు వాళ్లు మూడు రోజుల ట్రైనింగుకి విశాఖపట్నం పంపించేరు. నర్సీపట్నంలో ఆయన ఒక ప్రభుత్వ ఆఫీసులో సీనియర్ అసిస్టెంటు. వెళ్లేటప్పుడు ఆవకాయ సీసా పట్టుకెళ్లిన మనిషి, వచ్చేటప్పుడు నీలం అట్ట నోటుపుస్తకం నిండా నోట్సు పట్టుకొచ్చేరు. ట్రైనింగు దేని గురించని అమ్మ అడిగింది. టైము ఆదా చెయ్యడం గురించి అని చెప్పడానికి నాన్నకి పప్పన్నం దగ్గర్నించి పెరుగన్నం దాకా పట్టింది.

నిజానికి మా ఇంట్లో టైము చాలనిది అమ్మకే. అమ్మ పేరు దయావతి. రోలుగుంట అవతల చిన్న ఊళ్లో ఎలిమెంటరీ స్కూలు టీచరు. పొద్దున్న ఏడూ ముప్పావుకి ఆర్టీసీ కాంప్లెక్సులో బస్సు. అది పోతే మళ్లీ తొమ్మిదిన్నరకి గాని లేదు. ఆ లోపల వీధి కుళాయి దగ్గర నీళ్లు పట్టాలి, వంట అవ్వాలి, నాకూ తమ్ముడు కిరణ్ బాబుకీ నాన్నకీ తనకీ నాలుగు క్యారేజీలు సర్దాలి, నాకు రెండు జడలు వెయ్యాలి. అయినా పదకొండేళ్లలో అమ్మకి ఆ బస్సు ఒక్కసారి కూడా తప్పిపోలేదు. చీర కుచ్చిళ్లు మాత్రం బస్సెక్కేక, సీటు దొరికితే సర్దుకునేది.

సోమవారం తెల్లారేసరికి నాన్న వంటింటి గుమ్మంలో స్టూలు వేసుకుని, చేతిలో గడియారం, ఒళ్లో నోటుపుస్తకం పెట్టుకుని కూచున్నారు.

"ఏటి రాస్తన్నారు?" అంది అమ్మ వెనక్కి తిరక్కుండానే.

"నువ్వు నీ పని చూసుకో. నేను లేననుకో."

అలా అనుకోవడం అమ్మకి అలవాటే. కాకపోతే అమ్మ బిందెతో వచ్చిన ప్రతిసారీ నాన్న లేచి స్టూలు పక్కకి లాగాలి. ఆ లాగడం ఆయన లెక్కలో రాసుకోలేదు.

సాయంత్రం నాన్న అమ్మని కూచోబెట్టి రిపోర్టు చదివేరు. ఏడుంపావు లోపల పొయ్యికీ, ఆ మూలనున్న అలమారుకీ మధ్య అమ్మ అరవై మూడుసార్లు తిరిగిందట. ఉప్పుకొకసారి, పసుపుకొకసారి, చింతపండుకొకసారి. ఏదో జబ్బు కనిపెట్టిన డాక్టరులా చెప్పేరు. ఆ అలమారు అక్కడ పెట్టించింది మీరే కదా అని అమ్మ గుర్తుచేసింది. నాన్న పేజీ తిప్పేసేరు.

ఊరికే అనకూడదు, ఆయన చేసినవాటిలో మంచివే ఎక్కువ. వడ్రంగి దేవుళ్లుని పిలిపించి, పొయ్యి పక్కన చెయ్యి చాపితే అందేలా చెక్క బల్ల కొట్టించేరు. పోపుల పెట్టె, ఉప్పు, నూనె దానిమీదికి వచ్చేయి. మర్నాటి పప్పు ముందురోజు సాయంత్రమే నానబోయించేరు. మా యూనిఫారాలు వారానికి సరిపడా శనివారమే ఇస్త్రీ అయిపోయేవి. ఇంట్లో ఏది అయిపోతే అది గోడమీద వేలాడే కాగితం మీద రాస్తే, వారానికి ఒక్కసారే బజారుకెళ్లొచ్చు. అంతకుముందు ఒకే రోజు ముందు ఆవాలకీ, తర్వాత జీలకర్రకీ నేనే రెండుసార్లు పరిగెత్తేదాన్ని.

కూరల దగ్గరే తేడా వచ్చింది. వారానికి సరిపడా కూరలన్నీ ఆదివారమే తరిగి పెట్టుకుంటే రోజుకి పన్నెండు నిమిషాలు మిగులుతాయని ట్రైనింగులో చెప్పేరట. ఫ్రిజ్ ఉన్న ఇళ్లకని కూడా చెప్పే ఉంటారు. నాన్న అది రాసుకోలేదు. మా ఇంట్లో ఫ్రిజ్ లేదు. ఆదివారం చర్చి నించి వచ్చి, నాన్నే కత్తిపీట ముందు కూచుని బెండకాయలు, వంకాయలు, బీరకాయలు రెండు గంటలు తరిగేరు. మంగళవారానికి వంకాయలు నల్లబడ్డాయి. బుధవారానికి బెండకాయలు జిగురుతో ఒకదాన్నొకటి వదల్లేదు. అమ్మ వాటినే వేపి, మా ముగ్గురికీ కోడిగుడ్డు వేసి, నాన్న క్యారేజీలో మాత్రం ఆ బెండకాయ పెట్టింది. సాయంత్రం క్యారేజీ ఖాళీగానే వచ్చింది. తిన్నారో లేదో ఆయనా చెప్పలేదు, అమ్మా అడగలేదు.

మళ్లీ ఆదివారం వచ్చింది. ఆరోజు చర్చికి అమ్మ ముందే తయారైపోయి, స్టూలు తెచ్చి హాల్లో వేసుకుంది. ఆ నీలం అట్ట నోటుపుస్తకమే తీసి ఖాళీ పేజీ మీద రాయడం మొదలెట్టింది. నాన్న అటూ ఇటూ తిరుగుతూ రెండుసార్లు చూసేరు. పిల్లల జవాబు పేపర్లు దిద్దుతోందనుకున్నారో ఏమో, అడగలేదు. చర్చి నించి వచ్చేక అమ్మ ఆ పేజీ తెరిచి ఆయన ముందు పెట్టింది. నాన్న కళ్లజోడు పెట్టుకుని చదివేరు.

పేపరు చదవడం, నలభై నిమిషాలు. కళ్లజోడు వెతకడం, తొమ్మిది నిమిషాలు. కళ్లజోడు పేపరు కిందే ఉంది. పక్కింటి మత్స్యలింగం గారికి టైము ఎలా ఆదా చెయ్యాలో గోడమీంచి చెప్పడం, ఇరవై అయిదు నిమిషాలు. "దయా" అని పిలవడం, ఇరవై రెండుసార్లు. తువ్వాలు, సబ్బు, లోబనీను, దువ్వెన, చెప్పులు అని పక్కన వివరంగా రాసి ఉంది.

నాన్న ఆ పేజీ మళ్లీ మొదట్నించీ వేలు పెట్టి చదివేరు. నేనూ తమ్ముడూ నవ్వాపుకోలేక పెరట్లోకి పోయేం. చివరికి ఆయన, ఇరవై రెండు కాదు, పద్దెనిమిదే అయ్యుంటాయి అన్నారు.

"మీరు పిలిసేసి మర్సిపోతారండీ" అంది అమ్మ మెల్లగా. "నేను పొయ్యి దగ్గర్నించి లేసొస్తాను కాబట్టి నాకు గుర్తుంటాది."

అమ్మ కోపంగా అనలేదు. అందుకే కాబోలు, నాన్నకి అది బాగా తగిలింది.

సోమవారం నాన్న తువ్వాలు తనే తీసుకున్నారు. కుళాయి దగ్గరికి తనే వెళ్లి నాలుగు బిందెలు మోసేరు. నాలుగు క్యారేజీలూ తనే సర్దేరు. మొదటిరోజు తమ్ముడికి రెండు గిన్నెల్లోనూ మజ్జిగే వచ్చింది గాని, బుధవారానికి చెయ్యి కుదిరింది. "దయా" అన్న పిలుపులు మూడుకి దిగేయి. అవి కూడా ఏదీ దొరక్క కాదు, అలవాటుగా.

ఆ వారంలోనే, ఏడూ పదికి అమ్మ చేతిలో పనంటూ ఏమీ లేకుండా పోయింది. బస్సుకి ఇంకా ముప్పై అయిదు నిమిషాలు. అమ్మ టీ గ్లాసు పట్టుకుని పెరటి మెట్టు మీద కూచుంది. అంతవరకూ అమ్మ తాగే టీ ఎప్పుడూ చల్లారిపోయి, మీద మీగడ కట్టిందే. ఆరోజు ఊదుకుని తాగింది.

నాన్నకి సంతోషంతో కాలు నిలవలేదు. ఈ ముప్పై అయిదు నిమిషాల్నీ రోజూ వాడుకుంటే ఏడాదిలో టైపు నేర్చుకోవచ్చనీ, లేకపోతే ఓపెన్ యూనివర్సిటీలో ఎం.ఏ. కట్టొచ్చనీ నోటుపుస్తకం తెరిచి చెప్పడం మొదలెట్టేరు. అమ్మ అంతా విని గ్లాసు కింద పెట్టింది.

"ఇది నాకే కదేటండీ మిగిలింది?"

"నీకే."

"అయితే నన్ను కూసోనివ్వండి."

నాన్న నోటుపుస్తకం మూసేసి లోపలికెళ్లిపోయేరు.

తర్వాత శుక్రవారం అమ్మ అలాగే మెట్టు మీద కూచుంది. పక్కింటావిడ లక్ష్మీదేవి గారు గోడ దగ్గరికొచ్చి, సంపెంగలిస్తూ మాట కలిపేరు. పనులన్నీ అయిపోయేయన్న ధీమాతో అమ్మ గడియారం వంక చూడలేదు. చూసేసరికి ఎనిమిదికి పది నిమిషాలు. అమ్మ కాంప్లెక్సు దాకా పరిగెత్తి, ఖాళీ చేతుల్తో తిరిగొచ్చింది. టైము లేని పదకొండేళ్లూ తప్పిపోని బస్సు, టైము మిగిలేక తప్పిపోయింది.

నాన్న తన స్కూటరు పక్కకి వంచి, నాలుగు తన్నులు తన్ని స్టార్టు చేసేరు.

ఆ ప్రయాణం గురించి అమ్మ నాకు చాలా ఏళ్ల తర్వాత చెప్పింది. ఊరు దాటి జీడితోటలు మొదలయ్యేక, అమ్మ తను రోజూ బస్సులోంచి చూసేవన్నీ ఒక్కొక్కటీ చూపించడం మొదలెట్టిందట. తన క్లాసులో జోగులు అనే పిల్లాడున్నాడనీ, రెండేళ్లుగా నోరు విప్పనివాడు మొన్న లేచి నిలబడి పద్యం అప్పజెప్పేడనీ చెప్పిందట. ఈ మాట నాకెప్పుడూ చెప్పలేదేం అన్నారట నాన్న. ఎప్పుడు చెప్పను అందట అమ్మ.

రోలుగుంట దగ్గర ఆ బస్సు ఆగి ఉంది. దారిలో ప్రతి ఊళ్లోనూ ఆగే బస్సు కదా, స్కూటరు అందుకుంది. నాన్న వేగం తగ్గించి, ఎక్కేస్తావా, ఆడిటని ఈ వారం ఆఫీసు తొమ్మిదింటికే, నేను వెనక్కి తిరిగితే టైముకి అందుకుంటాను అన్నారట. బస్సు కిటికీలోంచి ఎవరో టీచరుగారూ అని పిలుస్తున్నారట కూడా. అమ్మ బస్సు వంకా, నాన్న వీపు వంకా చూసి, "పోనివ్వండి" అందట.

నాన్న ఆఫీసుకి నలభై నిమిషాలు ఆలస్యంగా వెళ్లేరు. ఆ తర్వాత జరిగింది వాళ్ల సూపరింటెండెంటు దయాకర్ బాబు గారు ఒక పెళ్లి భోజనాల దగ్గర మా అందరి ముందూ నవ్వుతూ చెప్పేరు. ట్రైనింగుకెళ్లొచ్చిన మీరే ఇలా వస్తే ఎలా ప్రేమరాజు గారూ అని ఆయన అడిగేరట. మా ఆవిణ్ణి స్కూల్లో దింపి వచ్చేనండి అన్నారట నాన్న.

"ఏం, బస్సు దొరకలేదా?"

నాన్న కుర్చీ లాక్కుని కూచుని, ఫైలు ముడి విప్పుతూ, "దొరికిందండీ" అన్నారట.