ఇరవై ఏడో బిళ్ళ

"పదహారు, పదిహేడు, పద్దెనిమిది." గైడు వేలు బస్సు చివరి సీటు దాకా వెళ్ళి ఆగింది. జాబితాలో ఉన్నది పద్దెనిమిది మందే. అయినా ఆయన డ్రైవరు వెనక ఖాళీ సీటు వైపు ఒకసారి చూసి, పెదవుల్లోనే "పంతొమ్మిది" అనుకున్నాడు.

"సరిపోయిందా లెక్కల మాస్టారూ?" అన్నాడు డ్రైవరు.

"ఆఁ, పోనీ."

అది సగంరోజు యాత్ర. ఎనిమిదికి గుడి, తొమ్మిదిన్నరకి మసీదు, పదకొండుకి చర్చి, పన్నెండుకి బౌద్ధ విహారం. ఒంటిగంటకల్లా జనాన్ని హోటల్లో దింపేస్తే ఆ రోజుకి పని అయిపోయినట్టే. ఇరవై రెండేళ్ళుగా చెప్పిందే చెప్పి ఆయన గొంతు అరిగిపోయింది. నూనె రాసి అణిచిన తెల్లజుట్టు, భుజాల దగ్గర వెలిసిన నీలం కోటు, చేతిలో పసుపు జెండా. నలుగురిలో నిలబడితే ఎవరి కంటికీ ఆనడు, ఆ జెండా లేకపోతే.

"రోజూ నాలుగు గడపలు తొక్కుతారు, మీకు మోక్షం గ్యారంటీ" అని డ్రైవరు ఏడిపిస్తుంటాడు. నిజానికి ఆయన తొక్కేది మూడే. విహారం దగ్గర జనాన్ని లోపలికి పంపి తాను బయటే నిలబడిపోతాడు. ఆ గడప దాటి ఏడేళ్ళయింది.

ఇవాళ పొద్దున ఆఫీసులో మేనేజరు, టీ తాగుతూ, మామూలుగానే చెప్పాడు. "రేపట్నుంచి మూడే. చివరిది తీసేశాం. జనానికి షాపింగుకి టైం చాలట్లేదంట."

ఇంకొకరైతే గంట పని తగ్గిందని సంబరపడేవారు. ఆయన మాత్రం చొక్కా జేబులోని ఇత్తడి బిళ్ళని తడుముకున్నాడు. ఇరవై ఏడో నంబరు. అంకెలు అరిగిపోయి వేలికి మాత్రమే తెలుస్తున్నాయి.

ఏడేళ్ళ కిందట ఓ రోజు బస్సులో ఒక సీటు మిగిలింది. "ఇన్నేళ్ళుగా అందరికీ చూపిస్తున్నారు, నాకు చూపించరేం?" అని భార్య దెప్పింది. వెంటబెట్టుకొచ్చాడు. డ్రైవరు వెనక సీట్లో పెళ్ళికూతురిలా బిగుసుకుని కూర్చుంది. గుడి, మసీదు, చర్చి తిరిగారు. విహారం దగ్గర, రోజూ చెప్పే మాటే ఆ రోజూ చెప్పాడు: "లోపల కళ్ళు మూసుకుని కూర్చున్నవాళ్ళని పలకరించకండి, తాకకండి."

"రెండు నిమిషాలు కూర్చుంటానండీ" అని ఆవిడ స్తంభం పక్కన కూర్చుంది.

బస్సెక్కి లెక్కపెట్టాడు. పద్దెనిమిది. జాబితాతో సరిపోయింది. ఆవిడ జాబితాలో లేదు. హోటలు దగ్గర అందరూ దిగాక ముందు సీటు చూసుకున్నాడు. తిరిగి వెళ్ళేసరికి ఆవిడ అలాగే కూర్చుని ఉంది. చెప్పులకిచ్చిన బిళ్ళ గుప్పిట్లో ఉంది. పద్దెనిమిది మందీ ఆవిడ పక్కనుంచే నడిచారు. గైడు చెప్పాడు కదా అని ఒక్కరూ పలకరించలేదు. డాక్టరు "ఇంకాస్త ముందు తెచ్చుంటే" అని, మిగతా సగం మింగేశాడు. ఆ మింగిన సగమే ఏడేళ్ళుగా ఈయన్ని తింటోంది.

బిళ్ళ ఇస్తేనే చెప్పులిస్తారు. ఆయన బిళ్ళ ఇవ్వలేదు. చెప్పులు అరలోనే ఉండిపోయాయి. అవి ఉన్నంతవరకు ఆవిడ ఇంకా లోపలే ఉన్నట్టు. రేపు ఈ దారిన బస్సు రాకపోతే, ఆవిణ్ణి రెండోసారి వదిలేసి వెళ్ళినట్టే.

ఇవాళ చర్చి మెట్ల మీద ఆయనకి ఎడమ భుజం లాగింది. గ్యాసనుకున్నాడు.

విహారం వాకిట్లో చెప్పులు చూసే ముసలావిడ ముక్కాలిపీట మీద కూర్చుని ఉంది. "రేపట్నుంచి రావటగా తమ్ముడూ. ఇవాళైనా ఆ బిళ్ళ ఇచ్చి తీసుకెళ్ళు."

"తీసుకెళ్తానక్కా. ఒకసారి లోపలికెళ్ళొచ్చి."

ఆయన బూట్లు విప్పాడు. సాక్సులు లాగి, ఎప్పటిలాగే, బూట్ల మీద చెరో దిక్కుకీ విసిరాడు. ఇంట్లో రోజూ ఇదే గొడవ ఉండేది. "ఇంత వయసొచ్చినా సాక్సులు బూట్లో పెట్టడం రాదు మీకు" అని సణుగుతూ ఆవిడే ఉండచుట్టి పెట్టేది. ముసలావిడ బూట్లని, సాక్సులతో సహా, అలాగే పక్క అరలో తోసి ఇరవై ఎనిమిదో బిళ్ళ చేతిలో పెట్టింది.

లోపల నేల చల్లగా ఉంది. స్తంభం పక్కన చతికిలబడి, జేబులోని బిళ్ళని కూడా గుప్పిట్లోకి తీసుకుని, కళ్ళు మూసుకున్నాడు.

"లెక్క తప్పానే" అన్నాడు, తనకే వినపడనంత మెల్లగా. "నువ్వు జాబితాలో లేవు. నేనే రాసుకోలేదు."

పక్కన ఎవరో సర్దుకుని కూర్చున్న అలికిడి. తలనూనె వాసన. కళ్ళు తెరిస్తే లేచి వెళ్ళిపోతుందేమోనని భయమేసింది, తెరవలేదు. భుజంలో నొప్పి చెయ్యంతా పాకింది, తర్వాత తగ్గిపోయింది. ఇన్నేళ్ళలో మొదటిసారి ఆయనకి ఎక్కడికీ వెళ్ళే తొందర లేదు.

యాత్రికుల్లో ఒకావిడ టైమడుగుదామని వంగింది. భర్త చెయ్యి పట్టి లాగాడు. "గైడుగారు చెప్పలేదూ? పలకరించకూడదంట."

బస్సులో డ్రైవరే లెక్కపెట్టాడు. పద్దెనిమిది, జాబితాతో సరిపోయింది. జాబితాలో గైడు ఉండడు. పావుగంట చూసి, స్టీరింగు మీద ఆరేసిన తువ్వాలు భుజాన వేసుకుని దిగాడు. "మాస్టారూ, జనం ఆకలంటున్నారు" అంటూ స్తంభం దగ్గరికెళ్ళి, చెప్పిన నియమం పక్కన పెట్టి, భుజం మీద చెయ్యి వేశాడు.

ఆయన్ని తీసుకుని అందరూ వెళ్ళేసరికి మూడయింది. గుప్పిట విప్పితే దొరికాయని డ్రైవరు రెండు బిళ్ళలూ ముసలావిడకిచ్చి వెళ్ళాడు. మధ్యాహ్నం యాత్రికుల చెప్పులు అందించాక ఆవిడ పీట మీదనుంచి లేవలేదు. ఆ రెండు అరల జోలికి ఆవిడా పోలేదు, ఇంకెవరూ రాలేదు. ఇప్పుడు లేచి, మోకాళ్ళు పట్టుకుని, నంబర్లు వెతుక్కుంటూ వెళ్ళింది. ఇరవై ఏడులో ఆడమనిషి చెప్పులు, దుమ్ముతో సహా, అలాగే ఉన్నాయి. ఇరవై ఎనిమిదిలో బూట్లు మడమలు కలిపి ఉన్నాయి. ఆయన విసిరేసిన సాక్సులు మాత్రం, ఒకదాంట్లో ఒకటి మడిచి, ఉండచుట్టి, ఎడమ బూటులో పెట్టి ఉన్నాయి.