చావుల సంఘం ఖాతా

జూన్ మూడున ఉదయం పది గంటలకు నొలువుయో ఫోన్‌కు సందేశం వచ్చింది. భృతి నిరాకరించారు. ఖాతాలోకి ఆదాయం వస్తోందన్నది కారణం.

దక్షిణాఫ్రికాలోని కొమానీలో కుట్టు ఫ్యాక్టరీ మూతపడ్డాక ఆమెకూ, కూతురు లోనాకూ ప్రభుత్వం నెలనెలా ఖాతా చూసి ఇచ్చే ఆ భృతే తిండి. ఖాతాలోకి వస్తున్నది ఆమె డబ్బు కాదు. వీధిలోని పదకొండు కుటుంబాలు చావు ఖర్చుల కోసం పెట్టుకున్న సంఘానిది. ఆమె కోశాధికారి. ఎవరు పోయినా శవపేటికకు, డేరాకు, వచ్చినవాళ్ల భోజనానికి కోసే ఎద్దుకు అందులోంచే చెల్లించేవారు.

ఆదివారం చర్చి అయ్యాక సభ్యులు నొజిబెలె ఇంట్లో కూర్చున్నారు. సంఘంలో పెద్దావిడ ఆమే.

"ఖాతా సందిలె పేరుకు మార్చేద్దాం," అంది.

"బాగుంది పెద్దమ్మా! అప్పుడు నా భృతి పోతుంది," అన్నాడు సందిలె.

అందరినీ అడిగారు. ప్రతి ఇంట్లోనూ ఒకరు భృతి మీదే ఉన్నారు.

"ఆ భృతేదో దేశంలో అందరికీ ఇచ్చేస్తే ఈ గోల ఉండేదా?" అంది నొలువుయో.

"డబ్బున్నోళ్లకి కూడానా అక్కా? రేడియోలో మంత్రి అదే అడుగుతున్నాడు," అన్నాడు సందిలె.

"ఇవ్వనీ. పన్నుల్లో లాక్కోమను. నా పిల్ల కంచంలో వెతకొద్దను."

"దేశం దగ్గర డబ్బు లేదంట కదా."

"నా దగ్గర ఉందని మాత్రం ఎట్లా కనిపెట్టారో!"

నవ్వులు ఆగాక నొజిబెలె అంది: "సంఘం మూసేద్దాం. పంచేసుకుందాం. పిల్ల తినాలి."

"రేపు నువ్వు పోతే పెద్దమ్మా?" అన్నాడు సందిలె.

"దుప్పట్లో చుట్టి పూడ్చెయ్. నేనేమన్నా లేచి అడుగుతానా?"

ఈసారి ఎవరూ నవ్వలేదు.

నగదు చేతికిస్తే తర్వాత మాటలు వస్తాయని, ఎవరి వాటా వారి ఖాతాకే పంపాలని తీర్మానించారు. సంఘంలో ఎప్పుడూ అదే పద్ధతి. మర్నాడు నొలువుయో బ్యాంకుకు వెళ్లి పది వాటాలూ పంపింది. తన వాటాతో మొక్కజొన్న పిండి కొని, గది అద్దె కట్టింది.

జూలై మొదట్లో ఆ పది ఇళ్లకూ సందేశాలు వచ్చాయి. అందరి భృతీ నిరాకరించారు. జూన్‌లో ఖాతాలోకి వచ్చిన వాటాను ఆదాయంగా లెక్కగట్టారు.

నొలువుయో భృతి ఐదో తేదీన జమ అయింది. సంఘంలో ఇంకెవరికీ రాలేదు.