డోలుకు మూగనోము

"దొంగల్లారా! రాజధానిలో ఫుట్‌బాల్ జట్లు అక్కర్లేదని ఒకనాడు ఊళ్ల మీదికి తోలింది మీరే కదా? మీరు వదిలేసిన బిడ్డను మేం ఎత్తుకుని సాకాం. ఇప్పుడు ప్రపంచకప్పుకు కట్టిన మీ పెద్ద మైదానం ఖాళీగా వెక్కిరిస్తోందని, ఎదిగిన బిడ్డను చెయ్యి పట్టుకుని ఈడ్చుకుపోతారా? ఎవర్నడిగారు?"

సియోల్‌లో, జట్టుకు యజమాని అయిన కంపెనీ అద్దాల మేడ ముందు మైకు పట్టుకుని అరుస్తున్న మనిషి ఓక్‌బున్. మేడలోంచి ఒక్క తల బయటికి రాలేదు. కాపలావాడు మాత్రం జాలిపడి కాగితం కప్పులో కాఫీ తెచ్చాడు. "తాగమ్మా, గొంతు పోతుంది. వాళ్లుండేది పై అంతస్తులో. నువ్వు చించుకున్నా వినబడదు."

ఓక్‌బున్‌ది సియోల్‌కు దక్షిణాన మెట్రో రైలెక్కితే వచ్చే హ్వాసన్. అక్కడి బజారులో పంది కాళ్లు సోయా పులుసులో ఉడికించి అమ్ముతుంది. ఆట ఉన్న రోజు దుకాణం మూసి, డోలు భుజానికెత్తుకుని మైదానానికి పోతుంది. గోలు వెనక మెట్ల మీద ఆమె డోలు మోగితేనే ఊరి గొంతు లేచేది. మొగుడు పోయిన ఏడాది ఆమెను నిలబెట్టింది ఆ మెట్లే.

జట్టు అప్పటికే సియోల్ చేరిపోయింది. అనుమతి మాత్రం తాత్కాలికం. వచ్చే వారం లీగు పెద్దలు ఓటేస్తే అది శాశ్వతమవుతుంది. "హ్వాసన్ జనం కూడా మనసారా ఒప్పుకున్నారు" అని కంపెనీ వాళ్లు లోకమంతా చాటుతున్నారు. పచ్చి అబద్ధం. దాన్ని అబద్ధమని చూపించడానికి మిగిలిన అవకాశం ఒక్కటే, సియోల్‌లో జరిగే మొదటి ఆట.

ఉపాయం చెప్పింది చాంగ్‌సిక్. బస్సు డ్రైవరుగా చేసి రిటైరైనవాడు, అభిమానుల సంఘానికి పెద్ద.

"తిడితే రౌడీలంటారు. అరిస్తే ఉత్సాహమంటారు. ఆట అయ్యేదాకా నోరు మూసుకుని కూర్చుందాం. డోలుకు జనపనార బట్ట కడదాం, చావింట్లో కట్టుకున్నట్టు. టీవీలో దేశమంతా చూస్తుంది. అప్పుడు ఒప్పుకున్నారని ఎలా అంటారో చూద్దాం."

"బాగానే ఉంది" అంది ఓక్‌బున్.

"బాగానే ఉంది గానీ అక్కా, నువ్వు మూగనోము పట్టడమంటే నీ గిన్నెలో పంది కాళ్లు లేచి నడిచినట్టే."

"పోవయ్యా! నీ బస్సు హారన్ కంటే నేనే నయం."

"కర్రలు ఇంట్లో పెట్టి రావాలి. ఒట్టు."

"ఒట్టు."

మాట తప్పలేదు. డోలు కర్రలు రెండూ దుకాణంలో గరిటెల మధ్య గుచ్చేసి వచ్చింది.

సియోల్ మైదానంలో జనానికి మెడగుడ్డలు ఉచితంగా పంచుతున్నారు. ఏ ఆటగాడు ఎవడో తెలియనివాళ్లు కూడా అట్టముక్కలు టపటపలాడిస్తున్నారు. హ్వాసన్ వాళ్లు జబ్బలకు జనపనార పట్టీలు కట్టుకుని ఒక మూల కూర్చున్నారు.

"ఏం అత్తా, ఎవరు పోయారు?" వెనక వరసలోంచి ఎవడో కుర్రకుంక. నవ్వులు. ఓక్‌బున్ పళ్లు బిగించింది.

ఆట సగం దాటింది. నోము చెక్కుచెదరలేదు. కెమెరా రెండుసార్లు వాళ్ల మీదికి వచ్చి, చూడలేనట్టు పక్కకు తిరిగింది. చాంగ్‌సిక్ కళ్లలో గర్వం.

అప్పుడు శిక్షకుడు ఇన్‌గ్యూను లోపలికి పంపాడు.

ప్యో ఇన్‌గ్యూ హ్వాసన్ జట్టులోనే ఎదిగినవాడు. మోకాలు చితికి ఏడాదిన్నర మంచాన పడ్డాడు. కంపెనీ పూలగుత్తి పంపి చేతులు దులుపుకుంది. ఎద్దు ఎముకల పులుసు కాచి ఆసుపత్రికి మోసుకెళ్లింది ఓక్‌బున్. "అత్తా, నా కాలు ఇక రాదేమో" అని వాడు ఆమె ఒళ్లో తల పెట్టి ఏడ్చాడు.

"అక్కా, అటు చూడకు" అన్నాడు చాంగ్‌సిక్ గుసగుసగా.

"చూడట్లేదు."

"చూస్తున్నావు."

"చూపుకు చప్పుడుంటుందటయ్యా?"

బంతి కుడి పక్కనుంచి తేలివచ్చింది. ఇన్‌గ్యూ గాల్లోకి లేచి, చితికిన కాలితోనే, ఆ కాలితోనే తన్నాడు. వల ఊగింది.

ఓక్‌బున్ అరచేయి డోలు మీద పడింది.

ఒకసారి కాదు. జనపనార బట్ట మీదనుంచే, కర్రలు లేకుండానే, రెండు చేతులూ పాత వరస పట్టేశాయి. వెనక హ్వాసన్ గొంతులన్నీ ఒక్కసారిగా కట్టలు తెంచుకున్నాయి. "ప్యో! ఇన్! గ్యూ!" చాంగ్‌సిక్ కూడా లేచి, ఏడుస్తూ, జబ్బ పట్టీ విప్పి గాల్లో తిప్పుతున్నాడు. తెలివి వచ్చేసరికి కెమెరాలన్నీ వాళ్ల మీదే ఉన్నాయి. ఈసారి పక్కకు తిరగలేదు.

ఆట ముగిశాక ఆటగాళ్లు వరసగా నిలబడి అభిమానులకు వంగి దండం పెట్టడం ఆనవాయితీ. ఇన్‌గ్యూ వరస వదిలి ఆ మూలకు పరుగెత్తుకొచ్చాడు. నడుము విరిగేలా వంగాడు.

"అత్తా! విన్నాను!"

'ఒరే, వంగకురా' అనాలనుకుంది. అప్పటికే కెమెరాలన్నీ వాడి చుట్టూ మూగాయి. వాడి మొహంలో సంతోషం తప్ప ఏమీ లేదు. వాడికి ఏం తెలుసు?

మర్నాడు పత్రికల్లో ఫోటో. డోలు, చేతులు, వంగిన ఇన్‌గ్యూ. కింద 'పాత ఊరి దీవెన' అని రాశారు. జనపనార బట్టను పాతకాలపు అలంకారం అన్నారు. లీగు పెద్దల ముందు కంపెనీవాడు ఆ ఫోటోనే ఎత్తి చూపించాడట. చేతులన్నీ లేచాయి. జట్టు పోయింది.

"తప్పు నీ ఒక్కదానిదే కాదక్కా. నేనూ అరిచాను" అన్నాడు చాంగ్‌సిక్, దుకాణంలో తల వంచుకుని.

"కర్రలు ఇంట్లో పెట్టి వచ్చాను. చేతులు ఎక్కడ పెట్టి రావాలయ్యా?"

ప్రేమ ఉన్నవాణ్ణి ఓడించడం ఎంత తేలికో! వాడు ప్రేమించినదాన్నే వాడి ముందు పరుగెత్తిస్తే చాలు.

హ్వాసన్ మైదానంలో గడ్డి మోకాలెత్తు లేచింది. సోమవారం పొద్దున ఓక్‌బున్ గోలు వెనక మెట్ల మీద కాసేపు కూర్చుంది. పావురాలు తప్ప ఎవరూ లేరు. డోలు ఎత్తుకుని తిన్నగా నగరసభ భవనానికి నడిచింది. అక్కడ ధర్నాకు వస్తామన్నవాళ్లలో చాలామంది రాలేదు. "అయిపోయిందిగా, ఇక ఊరుకో" అన్నారు. వచ్చినవాళ్లు ఒక్క గొడుగు కింద పట్టేశారు.

మెట్ల మీద డోలు దింపింది. జనపనార బట్ట విప్పలేదు. మేయరు గది కిటికీ మూసే ఉంది. ఆ కిటికీ వైపే తిరిగి అరిచింది.

"కిటికీ తెరవండి! ఇది దీవెన కాదు, చావు బట్ట! మళ్లీ ఏ కంపెనీవాడి బిడ్డనూ మేం సాకం. ఈ ఊరిదే, ఎవడూ అమ్ముకోలేని జట్టు పెట్టండి. జనం ఓటు లేకుండా దాన్ని ఊరు దాటించకూడదని చట్టం రాయండి. రేపు కాదు, ఎన్నికలప్పుడు కాదు. ఇప్పుడు! కిందికి దిగి రండి!"