సరుగుడు తొక్క

మాతో పనిచేసే చిన్నమ్మాయి నెత్తి మీది తొక్కల మోపును కంపెనీ గేటు దగ్గర లాగేశారు. మోపుతో పాటు మనిషీ పడింది. సిమెంటు దిమ్మకి కొట్టుకుని మోచెయ్యి విరిగింది. సెక్యూరిటీ వాళ్ళు ఆమె వైపు చూడలేదు. చెదిరిన తొక్కలు ఏరుకుని లోపలికి మోసుకుపోయి కొత్త బాయిలర్ పక్కన పోశారు.

పనివాళ్ళూ, చదువుకునే పిల్లలూ తెలుసుకోవాలని ఇది చెబుతున్నాను.

మాది రేవుపాలెం. గోదావరి గట్టు కింద అట్టల కంపెనీ ఉంది. సరుగుడు దుంగలు లారీల్లో వస్తాయి. తొక్క ఒలిచి లోపలికి పంపాలి. ఆ పని జతగా చేస్తాం. మగవాడు దుంగ తిప్పుతాడు, ఆడమనిషి కత్తితో తొక్క లాగుతుంది. కూలి తక్కువ. అయితే యార్డు పెట్టిననాడే కాంట్రాక్టరు చెప్పాడు, తొక్క మీదేనని. మా పేటలో పొయ్యిలు ఆ తొక్కతోనే మండుతాయి. మిగిలింది ఇటుక బట్టీకి వేస్తే ఉప్పూ పప్పూ వస్తాయి. తొక్క పోతే మా కూలిలో అన్నం వండుకునే భాగం పోయినట్టే.

చిన్నమ్మాయి పడిన మర్నాడు ఎవరూ కత్తి పట్టలేదు. కాంట్రాక్టరు బంగార్రాజు వచ్చాడు. వెనకే ఆఫీసరు జానకిరామ్ గారు.

"ఏంటే పాపాయమ్మా, చెత్త కోసం ఈ గోలేంటి?" అన్నాడు బంగార్రాజు.

పాపాయమ్మ నా జత, నేను తిప్పే దుంగకి తనే కత్తి పట్టేది. ఎవరికీ భయపడని నోరు.

"చెత్తేనంటున్నారు కదండీ. మరి మాకొదిలెయ్యండి."

అందరూ నవ్వారు. ఆఫీసరు నవ్వలేదు. ఓపిగ్గా చెప్పాడు.

"చూడండమ్మా, ప్రపంచం మారిపోయింది. మన అట్టలు కొనే ఫారిన్ వాళ్ళు అడవి సరుకు వద్దన్నారు. అందుకే రైతుల చేత పొలాల్లో సరుగుడు వేయించాం. ఇప్పుడు బొగ్గు కూడా వద్దంటున్నారు. తొక్కతో బాయిలర్ మండిస్తే బొగ్గు పొగ తగ్గుతుంది. ఆ తగ్గిన పొగకి బయటిదేశాల వాళ్ళు డబ్బిస్తారు."

"లేని పొగకాండీ?"

"అవును."

"అయితే రేపట్నించి మా పొయ్యిలో కూడా పొగ ఉండదు కదండీ. దాని డబ్బులు ఎవరికిస్తారు?"

ఆఫీసరు గేటు వైపు తిరిగాడు. గేటు మీద మనుషులు నిచ్చెనేసుకుని బోర్డు మారుస్తున్నారు. కంపెనీ పేరులో 'ఫారెస్ట్' అన్న మాట చెరిపి 'గ్రీన్' అని రాస్తున్నారు. ఆయన అటు చూస్తూ వెళ్ళిపోయాడు.

ఆదివారం చర్చి అయ్యాక రేవు మెట్ల మీద కూర్చున్నాం. పర్మినెంటు వాళ్ళ యూనియన్ సెక్రటరీ వీరబ్రహ్మం కూడా వచ్చాడు.

"తొక్క వదిలెయ్యండి," అన్నాడు. "అట్టలు చేసే గుజ్జు ఇండోనేషియా నుంచి ఓడల్లో చవగ్గా దిగుతోంది. మొండికేస్తే తొక్క తీసే మిషన్ తెస్తారు. కంపెనీ ఉంటేనే కదా మనం ఉండేది?"

"మనం అంటే ఎవరన్నయ్యా?" అంది పాపాయమ్మ. "నీకు గ్యాస్ బండుంది, కేంటీన్లో టిఫినుంది. ఇవాళ నా తొక్క తీసుకున్నోడు రేపు నా కత్తి తీసుకుంటాడు. ఎల్లుండి నీ కుర్చీ."

"నీతో మాట్లాడలేం."

"మాట్లాడకు. వచ్చి కూర్చో."

అతను కూర్చోలేదు.

సోమవారం బంగార్రాజు మగవాళ్ళని విడిగా పిలిచాడు. ఆడవాళ్ళని తీసేశాం, కొత్తవాళ్ళు వస్తారు, మీరు దుంగలు తిప్పితే చాలన్నాడు. మేం బయటికొచ్చి ఆడవాళ్ళ ముందు తలలొంచుకుని నిలబడ్డాం.

"ఎల్లండి," అంది పాపాయమ్మ. "మీరు పోకపోతే తిప్పడానికి కూడా ఎవర్నో తెస్తాడు. లోపలికెళ్ళి దుంగ దగ్గర నిలబడండి. తిప్పమన్నంత మాత్రాన తిప్పాలా? చేతులు మీవే కదా బాబాయ్."

వెళ్ళాం. టార్పాలిన్ కప్పిన లారీ లోపలికి వచ్చింది. అందులోంచి కొండ మనుషులు దిగారు. నా దుంగకి అవతల సోములమ్మ అనే ఆమెని నిలబెట్టారు. ఆమె కత్తిని అటూ ఇటూ తిప్పి చూసింది.

మా యార్డులో ఒక ఆనవాయితీ ఉంది. కొత్త జత మొదట కత్తి పట్టకూడదు. ఇద్దరూ ఒట్టి చేతులతో దుంగ తిప్పుకుని ఒకరి చెయ్యి ఒకరికి తెలిసేదాకా ఉండాలి. తెలియని చెయ్యి తిప్పితే కత్తి జారుతుంది. అది చెబితే బంగార్రాజు తిట్టాడు.

"పెళ్ళిచూపులా? తిప్పవయ్యా!"

నేను తిప్పలేదు. పక్క దుంగ దగ్గరున్న కుర్రాడు భయపడి తిప్పాడు. అవతలి మనిషి అరిచింది. తెల్లటి దుంగ మీద ఎర్రగా రక్తం. రెండు వేళ్ళు తొక్కలో పడ్డాయి.

యార్డంతటా చేతులు దుంగల మీద నుంచి లేచాయి. ఎవరూ ఎవరికీ చెప్పలేదు. బంగార్రాజు అరుస్తూనే ఉన్నాడు. కొండవాళ్ళు గాయపడ్డ ఆమె చేతికి గుడ్డ కట్టారు. సోములమ్మ కత్తి దించి నన్నడిగింది.

"ఇది ఎవరి చోటు తాతా?"

"గేటు బయట కూర్చున్నోళ్ళది. మీదే ఊరమ్మా?"

"మారేడుమిల్లి అవతల. ఈ కంపెనీకే వెదురు కొట్టేవాళ్ళం. అడవి సరుకు ఎవరూ కొనట్లేదంట. మా వెదురు కొనడం మానేశారు."

ఈమె పనీ, పాపాయమ్మ పనీ ఊడగొట్టింది ఒకే చెయ్యి. ఇప్పుడు ఆ చెయ్యే ఈమెని తెచ్చి పాపాయమ్మ చోటులో నిలబెట్టింది. ఆ మాటే చెప్పాను. సోములమ్మ తమవాళ్ళ దగ్గరికి పోయి వాళ్ళ భాషలో చాలాసేపు మాట్లాడింది.

అప్పుడే గేటు దగ్గర పోలీసు జీపు ఆగింది. మేం మగవాళ్ళం అటు పరిగెత్తాం.

"ఎవరే లీడరు?" అన్నాడు ఎస్సై.

"లీడరెవరూ లేరండీ. తొక్క ఒలిచేవాళ్ళం ఉన్నాం," అంది పాపాయమ్మ.

ఆమెని నోటి మీద కొట్టి, జుట్టు పట్టుకుని ఈడ్చి జీపులో పడేశారు. చిన్నమ్మాయి కట్టు కట్టిన చేత్తోనే జీపుకి అడ్డంగా పడుకుంది. ఆమె పక్కన ఇంకొకరు. తర్వాత అందరూ.

లోపలి నుంచి కొండవాళ్ళు నడిచి వచ్చారు. కత్తులన్నీ గేటు పక్కనున్న ఆఫీసరు కారు ముందు కుప్పగా వేశారు.

"లారీ ఎక్కండి!" బంగార్రాజు వెంటపడ్డాడు. "ఎక్కండి, తీసుకెళ్ళి దింపేస్తా!"

సోములమ్మ ఆగి వెనక్కి తిరిగింది.

"ఎక్కడ దింపుతావు?"

ఆమె వెళ్ళి చిన్నమ్మాయి పక్కన కూర్చుంది. మేం మగవాళ్ళం వాళ్ళ చుట్టూ కూర్చున్నాం.

గట్టు మీద పోలీసు లారీ మలుపు తిరిగింది. దాని వెనక ఇంకొకటి. లాఠీల చప్పుడు దూరం నుంచే వినిపిస్తోంది. జీపులో నుంచి పాపాయమ్మ నెత్తురు నోటితోనే అరిచింది, "లేవకండర్రా!"

షిఫ్టు సైరన్ మోగింది. పర్మినెంటు వాళ్ళు టిఫిన్ క్యారియర్లతో వచ్చి, దారికడ్డంగా ఉన్న మనుషుల్ని చూసి ఆగిపోయారు. ముందు వీరబ్రహ్మం ఉన్నాడు. అతను జీపు వైపు చూశాడు, లారీల వైపు చూశాడు.

సైరన్ రెండోసారి మోగింది. లోపలికి ఎవరూ వెళ్ళలేదు.